ముందు కూర్చో, గురువు సంగతి తర్వాత

చిరంజీవికి ఆశీస్సులు.

గురువు లేకుండా జెన్ కుదురుతుందా, పనిగట్టుకుని గోడ ముందు కూర్చోవడం తప్పదా అని అడిగావు. రెండోదానికి ముందు జవాబు చెప్తాను, అది తేలిక. కూర్చోవాలి. జెన్ అనే ఈ బౌద్ధ సాధన పేరే మన ‘ధ్యానం’ చైనాలో ‘చాన్’ అయి, జపాన్ చేరేసరికి అరిగిన రూపం.

కూర్చోనక్కర్లేదనేవాళ్ళు ఒక కథ చెప్తారు. ఎనిమిదో శతాబ్దంలో మాజు అనే చైనా సన్యాసి పొద్దస్తమానం ధ్యానంలో కూర్చుంటుంటే, గురువు హువైరాంగ్ పక్కనే ఒక పెంకును రుద్దడం మొదలుపెట్టాడట. ఎందుకని అడిగితే, అద్దం చేస్తున్నానన్నాడు. పెంకు ఎంత రుద్దినా అద్దం కాదు, ఊరికే కూర్చుంటే బుద్ధుడివి కావు అని భావం. నిజమే. కానీ ఆ మాట పడింది కూర్చోవడం మాననివాడికి. మందు మోతాదు మించినవాడికి రాసిన చీటీ చూపించి, ఆ మందు ముట్టనివాడు నాకూ వద్దంటే ఎలా?

కాబట్టి మొదలుపెట్టు. ఆరేడు అంగుళాల ఎత్తున్న గట్టి దిండు తీసుకుని, దాని ముందు మూడోవంతు మీదే కూర్చో. మోకాళ్ళు రెండూ నేలకు ఆనాలి. గాల్లో తేలితే దిండు ఎత్తు పెంచు, అంతేగాని మోకాళ్ళను చేత్తో నొక్కకు. తుంటి వంగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. తిమ్మిరి సంగతి వేరు, మోకాలి లోపల సూదిలా పొడిస్తే వెంటనే కాలు తియ్యి. కుర్చీ అయినా తక్కువేం కాదు. వెనక్కి ఆనకుండా, పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే చాలు.

ఎడమ అరచేతిని కుడి అరచేతి మీద పెట్టి, బొటనవేళ్ళ కొసలు తాకీ తాకనట్టు ఉంచు. చూసేవాళ్ళెవరూ లేనప్పుడు నీ మీద కాపలా ఆ వేళ్ళే. అవి జారాయంటే కునుకు పడుతోందని, ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయంటే బిగుసుకుపోతున్నావని. కళ్ళు మూయకు, రెండు మూడడుగుల ముందు నేల మీదికి చూపు వాల్చు. మూస్తే నిద్రో, బొమ్మలో, రెండిట్లో ఒకటి తప్పదు.

వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ ఒకటికి రా. పదహారు దగ్గర తేలినా, నాలుగు దగ్గర తప్పిపోయినా తిట్టుకోకుండా ఒకటికి రావడమే పని. ఊపిరిని నువ్వు లాగకు, అది వచ్చినట్టు రానీ. బలవంతంగా పొడిగిస్తే ఛాతీ పట్టేస్తుంది, తల బరువెక్కుతుంది. మొదటి నెల రోజుకు పదిహేను నిమిషాలు చాలు, తర్వాత ఇరవై అయిదు. ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా వారమంతా ఎగ్గొట్టడం కంటే ఇది మేలు. కాళ్ళు మొద్దుబారితే స్పర్శ తిరిగొచ్చేదాకా లేవకు, చీలమండ మెలిపడుతుంది.

ఇంతవరకూ గురువు అక్కర్లేదు. 1227లో చైనా నుంచి తిరిగొచ్చిన జపాన్ జెన్ గురువు దోగెన్, ఎవరైనా ఆచరించవచ్చునంటూ కూర్చునే పద్ధతి రాసిపెట్టాడు. చిత్రమేమిటంటే, సరైన గురువు దొరక్కపోతే అసలు నేర్చుకోకపోవడమే మేలన్నదీ ఆయనే. రెండూ నిజమే. ఒళ్ళు కుదరడం ఒంటరిగానే నేర్చుకోవచ్చు, కానీ తనను తాను మోసం చేసుకుంటున్నది తనకు కనపడదు. నిశ్చలంగా ఉందనుకున్న మనసు మత్తుగా ఉండొచ్చు. కూర్చున్నప్పుడు కనిపించే వెలుగులనూ ఆకారాలనూ జపాన్‌లో ‘మాక్యో’ అంటారు, వాటిని లెక్కచేయనక్కర్లేదు. ఒంటరివాడు వాటినే సిద్ధి అనుకుని పట్టుకుని వేలాడతాడు.

కోఆన్ జోలికి, అంటే తర్కానికి అందని ప్రశ్న మీద చేసే సాధన జోలికి మాత్రం ఒక్కడివే పోకు. గురువుతో ముఖాముఖిలో జవాబు చెప్పడం, ఆయన గంట మోగించి పంపేస్తే మళ్ళీ రావడం, అదే ఆ సాధన. ఆ తిప్పికొట్టడం లేకపోతే అది పొడుపుకథే. జపాన్ జెన్ గురువు హకుఇన్ అంతటివాడికే యవ్వనంలో సాధన మితిమీరి, తల కాగిపోయి, కాళ్ళు మంచులా చల్లబడి, చెవుల్లో హోరుతో మంచాన పడ్డంత పనైంది. నీకు నిద్ర పట్టకపోయినా, దిగులు పెరుగుతున్నా కూర్చునే సమయం తగ్గించి వైద్యుణ్ణి కలువు. పట్టుదల చూపించాల్సిన చోటు అది కాదు.

గురువంటే ఏళ్ళతరబడి పాదాల దగ్గర పడి ఉండాలని కూడా లేదు. చైనా సన్యాసి యోంగ్‌జియా తనంతట తాను తెలుసుకుని, సరిచూసుకోవడానికి అక్కడి జెన్ గురువు హుయినెంగ్ దగ్గరికి వెళ్ళి, ఒక్క రాత్రి ఉండి వచ్చాడని చెప్తారు. పన్నెండో శతాబ్దంలో చైనా గురువు దాహుయి సంసారుల్లోని అధికారులకు ఉత్తరాల్లోనే బోధించాడు. కాబట్టి దూరం సాకు కాదు.

ఎవరినైనా కలిసినప్పుడు మొహమాటపడకుండా అడుగు: మీకు నేర్పిందెవరు, బోధించమని అనుమతించిందెవరు, మీరు తప్పు చేస్తే అడిగేదెవరు. మూడో ప్రశ్నకు చిరాకుపడితే లేచి వచ్చెయ్. పరంపర పక్కాగా ఉండి కూడా శిష్యులను వాడుకున్నవాళ్ళున్నారు. రహస్యంగా ఉంచమన్నా, చనువు కోరినా, మానేస్తే అనర్థమని భయపెట్టినా అంతే.

వచ్చే నెల ఉత్తరంలో అనుభూతుల వర్ణన వద్దు. ఎన్ని రోజులు కూర్చున్నావో, లెక్క ఏ అంకె దగ్గర తప్పుతోందో, బొటనవేళ్ళు జారుతున్నాయో నొక్కుకుంటున్నాయో రాయి.