అంబాసిడర్‌కు కొత్త ఫిల్టర్ సరే, ముందు ఆ పాత రింగు తీయించండి

ప్రశ్న: మాది 1982 నాటి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి. నాన్నగారు కొన్నది. ఇంజిను పక్కన కిందికి వేలాడే ఆయిల్ ఫిల్టర్ డబ్బా పైఅంచు నుంచి ఆయిల్ కారుతోంది. రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి అరచేతి వెడల్పు మరక పడుతోంది. పొద్దున స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెంటనే ఆరడం లేదు, కొన్ని క్షణాలు పడుతోంది. డబ్బా పీకేసి అడాప్టర్ వేసి, ఇప్పటి కార్లలో వాడే చేత్తో తిప్పి బిగించే ఫిల్టర్ పెడితే రెండు సమస్యలూ పోతాయని మా మెకానిక్ అంటున్నారు. అడాప్టర్ బాలానగర్‌లో లేత్ మీద చేయిస్తారట. కంపెనీ అమర్చిన వస్తువును కదపవద్దని మా మామయ్య గట్టిగా చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీ మెకానిక్ రెండు జబ్బులకు ఒకే మందు రాశారు. నాకు అక్కడే అనుమానం. కారడానికి కారణం ఒకటి, లైటు ఆలస్యంగా ఆరడానికి కారణం మరొకటి. వాటిని విడదీసి చూస్తే మీ మామయ్యతో గొడవ కూడా సగం తగ్గుతుంది.

కారడం సంగతి ముందు చూద్దాం. డబ్బా అంచు వెళ్లి కూర్చునేది ఇంజినుకు బిగించి ఉండే ఫిల్టర్ హెడ్డు అడుగున ఉన్న గుండ్రటి గాడిలో. ఆ గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. డబ్బా లోపల ఆయిల్‌ను వడకట్టే ఎలిమెంటు మార్చిన ప్రతిసారీ ఆ రింగునూ మార్చాలి. కొత్త ఎలిమెంటు పెట్టెలోనే రింగు కూడా వస్తుంది కాబట్టి ఆ విషయం అందరికీ తెలుసు. కానీ పాతదాన్ని బయటికి తీయడం దగ్గరే పని చెడుతోంది. బండి కింద వెల్లకిలా పడుకుని, ఆయిల్ మోచేతి మీదుగా చొక్కాలోకి కారుతుంటే ఏ పనివాడూ ఆ గాడిలోకి కళ్లు పెట్టి చూడడు. వేలితో తడుముతాడు. ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుపోయిన రింగు వేలికి రబ్బరులా తగలదు, నల్లగా, నున్నగా హెడ్డులో భాగంలాగే ఉంటుంది. గాడి ఖాళీగా ఉందనుకుని దాని మీదే కొత్తది పెట్టేస్తాడు. ఇక డబ్బా సమంగా కూర్చోదు, ఆయిల్ కారుతుంది. కారుతోందని బోల్టును ఇంకా బిగిస్తారు. ఆ బిగింపుకు డబ్బా అంచయినా వంగుతుంది, హెడ్డులో మరలయినా చెడతాయి. ఒకదాని మీద ఒకటి మూడు రింగులున్న గాడిని కూడా నేను చూశాను.

అడాప్టర్ వేసినా దాని రింగు కూర్చునేది ఆ గాడిలోనే. పాతది లోపల ఉండగా అడాప్టర్ వేస్తే మీ మరక అలాగే ఉంటుంది, ఖర్చు మాత్రం అదనం. కాబట్టి మెకానిక్‌ను ముందు డబ్బా దించమనండి. టార్చి, పళ్ల డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం పెట్టి గాడిని మీరే చూడండి. సన్నటి కొక్కెం మొనతో రింగును ఒకచోట లేపితే ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. గాడి అడుగున గీతలు పడకూడదు, స్క్రూడ్రైవర్‌తో పొడవనివ్వకండి. మెరిసే లోహం కనిపించేదాకా తుడిచి, కొత్త రింగుకు ఆయిల్ రాసి, అదే డబ్బా మళ్లీ ఎక్కించి వారం రోజులు తిప్పండి. చాలా బండ్లకు వైద్యం అక్కడితో ముగుస్తుంది. డబ్బా అడుగున బోల్టు తల కింద ఉండే వాషర్ కూడా మార్చారో లేదో అడగండి, దాన్ని అందరూ మరిచిపోతారు.

ఇక లైటు. అడాప్టర్ వేస్తే ప్రెషర్ వెంటనే వస్తుందన్న మాట అబద్ధం కాదు, కానీ అది వేరే బండికి చెందిన మాట. మీ 1489 సీసీ ఇంజిను ఇంగ్లండులోని బీఎంసీ అనే కార్ల కంపెనీ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందింది. అదే కుటుంబపు 1798 సీసీ ఇంజిను ఉన్న ఎంజీబీ స్పోర్ట్స్ కార్లు కొన్నింటిలో ఫిల్టర్ డబ్బా తలకిందులుగా, నోరు కిందికి ఉంటుంది. బండి ఆగాక అందులోని ఆయిల్ కిందికి జారిపోయే వీలుంది. అప్పుడు పొద్దున డబ్బా నిండేదాకా బేరింగులకు ఆయిల్ అందదు. అలాంటివాటికి వెనక్కి జారనివ్వని వాల్వు ఉన్న ఫిల్టర్ నిజంగా మేలు చేస్తుంది. మీ డబ్బా నోరు పైకి ఉంది. నీళ్ల చెంబులో నీళ్లలా ఆయిల్ అందులోనే నిలిచి ఉంటుంది, జారడానికి దారే లేదు. కాబట్టి లైటు ఆలస్యానికి కారణం ఇంకెక్కడో వెతకాలి. ఆయిల్ మరీ పలచనిదా, ఆయిల్ పంపు అరిగిందా, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు కింద చెత్త చేరి అది పూర్తిగా మూసుకోవడం లేదా అని చూడాలి. మూడోది చవకైన తనిఖీ, ముందు దాన్నే చేయించండి.

లైటును మాత్రం నమ్ముకోకండి. ప్రెషర్ బాగా పడిపోతేనే అది వెలుగుతుంది. ఆరినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఇంజినుకు బిగించి ఉండే ఆ లైటు స్విచ్ తీసి ఆ స్థానంలో మామూలు గేజి తగిలించి చూడమనండి. ఇంజిను బాగా వేడెక్కాక రోడ్డు వేగంలో చదరపు అంగుళానికి 50 పౌండ్ల చుట్టుపక్కల, ఐడిల్‌లో 15 చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా ఉండండి. దానికి చాలా దిగువన ఉంటే ఆ డబ్బును అడాప్టర్ మీద కాకుండా బేరింగుల మీద పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా అడాప్టర్ వేయవచ్చా అంటే, బండిని వాడేవారైతే వేయమంటాను. ఆయిల్ మార్చే పని పావుగంటలో అయిపోతుంది, గాడిని మళ్లీ మళ్లీ కదిలించే అవసరం ఉండదు. డబ్బాలో ఎలిమెంటు కింద ఒక ప్లేటు, సీలు, వాషర్, స్ప్రింగు ఉంటాయి. అవి పాత ఎలిమెంటుకు అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం మన షెడ్లలో మామూలే. స్ప్రింగు లేకపోతే ఎలిమెంటు పైకి ఆనదు, ఆయిల్ వడకట్టకుండానే దాటిపోతుంది. బయటికి ఏ మరకా పడదు కాబట్టి ఎవరికీ తెలియదు. తిప్పి బిగించే ఫిల్టర్‌తో ఈ పీడ ఉండదు. బండిని పాత కార్ల ప్రదర్శనకే తీసుకెళ్లేవారైతే మీ మామయ్య మాటే సరైనది. అడాప్టర్ వేసినా ఆ డబ్బాను, అందులోని సామాన్లన్నింటినీ గుడ్డలో చుట్టి దాచండి. హెడ్డుకు ఎక్కడా రంధ్రం చేయకుండా బిగించేదే వేయండి, అప్పుడు ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

లేత్ మీద చేయించడానికి నాకు అభ్యంతరం లేదు. బాలానగర్ పనివారు ఇంతకంటే కష్టమైనవి చేస్తారు. కానీ వారికి చేతిలో డబ్బా పెట్టి 'దీని బదులు ఒకటి చేయండి' అంటే చాలదు. మూడు సంగతులు చెప్పాలి. ఆయిల్ ఫిల్టర్‌లోకి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచి వెళ్లి, నడిమి రంధ్రం గుండా తిరిగి రావాలి. మీ పాత డబ్బాలోనూ ఇదే దారి, అడాప్టర్ దాన్ని తారుమారు చేయకూడదు. నడుమ వచ్చే బోలు బోల్టు రంధ్రం హెడ్డులోని దారి కంటే సన్నగా ఉండకూడదు. ఫిల్టర్ రబ్బరు ఆనే ముఖం మీద లేత్ గీతలు గోటికి తగలకూడదు. ఇంగ్లండు నుంచి ఎంజీబీ అడాప్టర్ తెప్పిస్తామనేవారూ ఉన్నారు. మీ హెడ్డు గాడి వ్యాసం, బోల్టు మర కొలిచి పోల్చాకే డబ్బు కట్టండి.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తిప్పి బిగించే ఫిల్టర్లలో ఎక్కువగా కనిపించే మర కొలతల్లో ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. ఇంకొకటి 20 మిల్లీమీటర్లు, చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరు కూడా లేదు. ఫిల్టర్ ఎక్కడానికి అడాప్టర్‌కు ఉండే మరల కడ్డీని స్టడ్డు అంటారు. అంగుళాల స్టడ్డు మీద మిల్లీమీటర్ల ఫిల్టర్ ఎక్కుతుంది, తిరుగుతుంది, రబ్బరు ఆనగానే బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. పొద్దున చల్లని ఇంజినులో ప్రెషర్ ఒక్కసారిగా లేచినప్పుడు ఆ అరకొర మరలు వదిలేస్తే ఆయిల్ మొత్తం రోడ్డు మీదకు వచ్చేస్తుంది. మీరు గమనించేలోపే బేరింగులు పోతాయి. పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో ఫిల్టర్ కొనేటప్పుడు స్టడ్డును జేబులో పెట్టుకుని వెళ్లండి. కౌంటరు మీదే ఫిల్టర్‌ను దానికి ఎక్కించి, రెండు మూడు చుట్లు తిప్పాక పక్కకు ఊపి చూడండి. ఏ మాత్రం లొడలొడలాడినా వెనక్కి ఇచ్చేయండి. ఫిల్టర్ పొడవు కూడా చూడాలి. స్పీడ్ బ్రేకర్లు ఎక్కువగా ఉన్న మన ఊళ్లో అది ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కంటే కిందికి దిగకూడదు.

బిగించేరోజు పెద్ద విశేషమేమీ లేదు. ఇంజిను గోరువెచ్చగా ఉండగా పాత ఆయిల్ దించండి. అడాప్టర్‌ను గాడిలో సమంగా కూర్చోబెట్టి బోల్టు బిగించండి. కొత్త ఫిల్టర్‌లో సగానికి పైగా ఆయిల్ పోసి, దాని రబ్బరుకు తడి వేలితో ఆయిల్ రాసి, రబ్బరు ఆనాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు, పానా వద్దు. ఇంజినులో కొత్త ఆయిల్ పోయండి. ఇంజిను అంటుకోకుండా కాయిల్ తీగ తీసి, గేజి ముల్లు కదిలేదాకా సెల్ఫ్ కొట్టి, తీగ మళ్లీ పెట్టి అప్పుడు స్టార్ట్ చేయండి. అడాప్టర్ పైన ఒక అతుకు, కింద ఒక అతుకు ఉంటాయి. రెండింటి చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూడండి. డిప్ స్టిక్ చూసి లోటు నింపండి.

ప్రశ్న: ఇలాంటి పాత పెట్రోలు ఇంజినుకు 5డబ్ల్యూ-30 సింథటిక్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందా?
- అల్వాల్ పాఠకురాలు

జవాబు: పెరగదమ్మా. ఆ పలచని ఆయిల్ ఇరుకైన ఖాళీలున్న ఇప్పటి ఇంజిన్ల కోసం. మన మే నెల ఎండలకు, ఆనాటి ఇంజిన్ల వదులుకు 20డబ్ల్యూ-50 సరిపోతుంది. పైగా ఇప్పటి పెట్రోలు ఆయిళ్లలో జింకు సమ్మేళనాన్ని తగ్గించారు. పాత కామ్, టాపెట్ల అరుగుదలను ఆపేది అదే. ఆయిల్ డబ్బా మీద ఆ సంగతి చదివి కొనండి.

ప్రశ్న: మా పాత పెట్రోలు జీపుకు ఫిల్టర్ డబ్బా ఇంజినుకు దూరంగా, రెండు రబ్బరు గొట్టాలతో ఉంది. దాన్ని తీసి కారు ఫిల్టర్ పెట్టవచ్చా?
- బొల్లారం పాఠకుడు

జవాబు: అంబాసిడర్‌లో ఆయిల్ అంతా ఫిల్టర్ దాటి బేరింగులకు వెళ్తుంది. మీ జీపులో కొద్ది భాగమే ఫిల్టర్‌లోకి మళ్లి, వడకట్టుకుని తిరిగి చాంబర్‌లో పడుతుంది. అందుకే ఆ దారిలో కావాలనే ఒక సన్నటి రంధ్రం పెడతారు. అది గొట్టం కలిసే ఫిట్టింగులోనైనా ఉండవచ్చు, డబ్బాలోనైనా ఉండవచ్చు. డబ్బాతో పాటు ఆ రంధ్రం కూడా పోయి, మామూలు కారు ఫిల్టర్ పెద్ద నోటితో దాని స్థానంలోకి వస్తే, ఆయిల్ అడ్డు లేకుండా చాంబర్‌లోకి పారుతుంది. బేరింగులకు ప్రెషర్ మిగలదు. మార్చాలనుకుంటే ముందు ఆ రంధ్రం ఎక్కడుందో కనిపెట్టి, కొత్త అమరికలో కూడా అంతే సన్నగా ఉంచమనండి. ఈలోగా గొట్టాలను వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే ఆయిల్‌ను, వేడిని తట్టుకునే గొట్టాలు రాణీగంజ్‌లో కొని ఈ వారమే మార్పించండి. నీళ్ల గొట్టం మాత్రం వేయించకండి, ఆయిల్‌కు అది ఉబ్బి చిరుగుతుంది.