రాని సీటు గురించి ఇంకెన్నాళ్లు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. నీట్‌లో సీటు రాలేదు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా జన్యువుల మీద, పేగుల్లోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా? ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు మేలా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నీట్ ప్రస్తావన లేకుండా మీరు ప్రశ్న కూడా అడగలేకపోయారు. మూడేళ్లయింది కదండీ! ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అడిగేది కోర్సు గురించి, బాధ రాని సీటు గురించి. అమ్మాయి ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వింటోందో! దయచేసి ఆపండి.

ఇది డాక్టరు కాలేకపోయినవాళ్ల చదువు కాదు. ఐసీయూలో క్లెబ్‌సియెల్లా అనే బ్యాక్టీరియా మందులకు లొంగనప్పుడు, ఏ మందు పనిచేయదో కల్చర్ పరీక్ష చెబుతుంది. ఏ జన్యువు వల్ల పనిచేయడం లేదు, అది ప్లాస్మిడ్ (బ్యాక్టీరియా ఒకదానికొకటి ఇచ్చుకోగల చిన్న డీఎన్ఏ ముక్క) ద్వారా వేరే బ్యాక్టీరియాకు పాకుతోందా, పక్క మంచం రోగికి సోకింది ఇదేనా అన్నది జన్యుక్రమం చదివితే తేటపడుతుంది. ఈ సమస్య మన ఊరికి దూరమూ కాదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

నా అనుమానమల్లా రెండో సగం మీద, అంటే పేగుల్లోని సూక్ష్మజీవుల మీద. ఆ సమూహాన్నే మైక్రోబయోమ్ అంటారు; అది ఇప్పుడు ఫ్యాషన్. మలం నమూనా పంపితే ఏం తినాలో చెబుతామనే కిట్లు కూడా అమ్ముతున్నారు. రోగి పేగుల్లో బ్యాక్టీరియా తేడాగా ఉంటే, ఆ తేడా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల తేడా వచ్చిందా? తిండి మారినా మారుతుంది, మందు వేసుకున్నా మారుతుంది. చాలా అధ్యయనాలు ఇక్కడే తడబడతాయి. పైగా క్లెబ్‌సియెల్లా లాంటి ఒక్క బ్యాక్టీరియా జన్యుక్రమమే సుమారు యాభై లక్షల డీఎన్ఏ అక్షరాలు. పేగు నమూనాలో వందల జాతుల డీఎన్ఏ కలగాపులగంగా ఉంటుంది. మొదట ఒక్క బ్యాక్టీరియాతో చేయి తిరగనివ్వండి.

డేటా సైన్స్ అంటారా, పైథాన్ ప్రోగ్రామింగ్, లినక్స్ కంప్యూటర్ వ్యవస్థ, గణాంకశాస్త్రం ఈ పనిలోనే నేర్చుకోక తప్పదు. ఆరు నెలల సర్టిఫికెట్‌కు నేనైతే డబ్బు కట్టను.

జీతం తొందరగా రాదు, అది నిజం. ఎమ్మెస్సీ తర్వాత జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు. "అప్పటికి వయసెంతవుతుంది?" అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉన్నది అదే. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఎండీ చేసే పిల్లకూ దాదాపు అంతే అవుతుంది; అక్కడ మీకు ఈ లెక్క గుర్తొచ్చేది కాదు.

వీటికి రాయాల్సిన నెట్, గేట్ పరీక్షల సంగతి ఆమెకే బాగా తెలుసు. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. వేసవి ప్రాజెక్టు కోసం ఏయే ల్యాబ్‌లకు రాసిందో ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. రాయలేదంటే తిట్టకండి, కూర్చుని రాయనివ్వండి.