ఏహెచ్‌యూకి డీడీసీ కంట్రోలర్ మొదటిసారి బిగిస్తున్నాను, పవర్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇన్నాళ్లూ ఇళ్ల వైరింగ్ చేశారు, ఇప్పుడు ఒక ఆఫీసు బిల్డింగులో ఏహెచ్‌యూకి (గదులకి చల్లగాలి పంపే పెద్ద మెషీన్, ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) డీడీసీ కంట్రోలర్ (దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది) బిగించమన్నారు. ఫలానా మెషీన్‌కే అని కాకుండా ఏహెచ్‌యూకైనా, పంపుకైనా ప్రోగ్రాం రాసి వాడుకునే మామూలు రకం. తప్పు ఎక్కడ జరుగుతుందో ముందే తెలుసుకోవాలనుకుంటున్నారు.

నేనూ ఇళ్ల వైరింగ్ నుంచే ఈ లైన్‌లోకి వచ్చాను. అందుకే మీరు ఎక్కడ దెబ్బతింటారో కాస్త ఊహించగలను. కంట్రోలర్‌కి వచ్చేది 24 వోల్టులే. ముట్టుకున్నా షాక్ కొట్టదు. ఆ ధైర్యమే కొంప ముంచుతుంది.

నా మొదటి కంట్రోలర్‌ని నేనే కాల్చాను. గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసు, నాలుగో అంతస్తు ఏహెచ్‌యూ రూమ్. చల్లటి నీళ్లు వచ్చే చిల్డ్ వాటర్ పైపు మీద వాల్వు, దాని నెత్తిన ఆ వాల్వుని తిప్పే మోటారు, అంటే యాక్చుయేటర్. కంట్రోలర్‌కీ దానికీ కలిపి ఒకటే 24 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మర్. యాక్చుయేటర్‌కి మూడు వైర్లు: కామన్, 24 వోల్టులు, కంట్రోలర్ నుంచి వచ్చే 0-10 వోల్టుల సిగ్నల్. మాకంటే ముందు పనిచేసినవాళ్లు మూడూ బూడిద రంగు వైర్లే లాగి, వైరు చివర గుర్తుగా తొడిగే ఫెర్రూల్ నంబర్లు కూడా వేయకుండా వెళ్లిపోయారు. సిగ్నల్ వైరు ఏదో బజర్ పెట్టి కనుక్కున్నాను. మిగిలిన రెండూ ఏసీవే కదా, ఎటు పెడితే ఏముందిలే అనుకున్నాను. బల్బుకి ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా వెలుగుతుంది కదా, అదే లెక్క. ఎంసీబీ వేశాక రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ప్యానెల్లోంచి సన్నగా, ఘాటుగా వాసన. పొగ లేదు, చప్పుడు లేదు, కంట్రోలర్ మీద పచ్చ లైటు హాయిగా వెలుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్‌లో వాల్వుకి 0 ఇచ్చినా, 100 ఇచ్చినా ఔట్‌పుట్ టెర్మినల్ దగ్గర మీటరు ముల్లు కదల్లేదు. ఆ ఒక్క ఔట్‌పుట్ చచ్చిపోయింది.

ఎందుకలా అయిందో ఆ రాత్రి మా సీనియర్ అన్న సిగరెట్ డబ్బా వెనక బొమ్మ గీసి చెప్పాడు. ఈ రకం కంట్రోలర్లలో, యాక్చుయేటర్లలో చాలావాటికి లోపల ఉండేది హాఫ్ వేవ్ రెక్టిఫయర్, ఏసీలో ఒక సగాన్నే వాడుకుని డీసీ చేసే సర్క్యూట్. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా బోర్డు గ్రౌండ్ అయిపోతుంది. కంట్రోలర్‌కి ఒక వైరునీ, యాక్చుయేటర్‌కి రెండో వైరునీ కామన్ చేశామంటే, ఒకదాని గ్రౌండ్‌కీ ఇంకోదాని గ్రౌండ్‌కీ మధ్య 24 వోల్టులు నిలబడతాయి. ఆ రెంటినీ కలిపే దారి సన్నటి సిగ్నల్ వైరు ఒక్కటే. కరెంటు అటే వెళ్తుంది, దారిలో ఔట్‌పుట్ చిప్‌ని కాల్చుకుంటూ.

కాబట్టి ఇక్కడ ఏసీకి కూడా ప్లస్, మైనస్ ఉన్నట్టే అనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఒక వైరుని కామన్ అని తేల్చుకుని, ప్యానెల్ మొత్తానికీ దానికి ఒకే రంగు వాడండి. నేను నలుపు వాడతాను. తర్వాత యాక్చుయేటర్ దగ్గర వైర్లు మూడూ విప్పి ఉంచి పవర్ ఇవ్వండి. మీటర్ ఏసీలో పెట్టి, ఒక ప్రోబ్ కంట్రోలర్ కామన్ మీద, ఇంకోటి యాక్చుయేటర్‌కి కామన్‌గా పెట్టబోయే వైరు మీద. సున్నా రావాలి. 24 చూపిస్తే వైర్లు తారుమారైనట్టే. యాక్చుయేటర్ పక్క గది దాకా ఉంటే పొడుగు వైరు ఒకటి వెంట తీసుకెళ్లండి. ఐదు నిమిషాల పని. ఇప్పటికీ, ఎంత తెలిసిన సైటైనా, ఇది చేయకుండా నేను కనెక్టర్ పెట్టను.

ట్రాన్స్‌ఫార్మర్ సైజు సంగతి: ప్రతి సామాను ప్లేటు మీద వీఏ (అది ఎంత పవర్ లాగుతుందో చెప్పే వోల్ట్-యాంపియర్ లెక్క) రాసి ఉంటుంది, అన్నీ కూడండి. కంట్రోలర్‌ది 15, రెండు యాక్చుయేటర్లు ఆరేసి, రిలేలు ఇంకో ఐదు అనుకుంటే 32. దానికి 40 వీఏ సరిపోతుంది గానీ, రేపు గాలి దారిని తెరిచి మూసే డ్యాంపర్ ఒకటి కలపమంటారు, తప్పకుండా అంటారు. 75 వేసుకోండి.

ఇక సెన్సర్లు. టెన్ కే థర్మిస్టర్ అని ఇస్తారు, వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్. అందులో టైప్ 2, టైప్ 3 అనే రకాలున్నాయి. రెండూ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా 10,000 ఓమ్‌లే చూపిస్తాయి. అందువల్ల గది వాతావరణంలో టెస్ట్ చేస్తే తప్పు ఎంపిక చేసినా దొరకదు. సున్నా డిగ్రీల దగ్గర చూస్తే టైప్ 2 సుమారు 32,650, టైప్ 3 సుమారు 29,490. ఒక సైట్‌లో టైప్ 2 సెన్సర్ పెట్టి, ప్రోగ్రాంలో టైప్ 3 ఎంచుకున్నాం. సప్లై గాలి 12 డిగ్రీలుంటే కంట్రోలర్‌కి దాదాపు ఒక డిగ్రీ తక్కువ కనిపించేది. చల్లగానే ఉంది కదా అని అది వాల్వు మూసేసేది. కింద కూర్చున్నవాళ్లు మాత్రం ఉక్కపోతగా ఉందని రోజూ ఫోన్. వారం రోజులు నీళ్లు చల్లబరిచే చిల్లర్ వాళ్లని తిట్టాం, పాపం.

ఫ్యాన్ నడుస్తోందో లేదో చెప్పే సిగ్నల్ ఎక్కడినుంచి తీసుకోవాలనేది కూడా ముఖ్యమే. స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) ఆక్సిలరీ, అంటే దాని పక్కనుండే చిన్న కాంటాక్ట్ తీసుకోవడం తేలిక, ప్యానెల్ పక్కనే ఉంటుంది. కానీ ఫ్యాన్ బెల్టు తెగితే కాంటాక్టర్ ఆన్‌లోనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలి ఉండదు. కంట్రోలర్ అంతా బాగుందనుకుని వాల్వు తెరిచే ఉంచుతుంది. గాలి ఆడని కూలింగ్ కాయిల్‌లో ఏడు డిగ్రీల నీళ్లు తిరుగుతుంటే హైదరాబాద్‌లో వానాకాలం పైపులు, వాల్వులు చెమట పట్టి కారతాయి. ఆ నీళ్లు ఫాల్స్ సీలింగ్ మీద మచ్చలవుతాయి, మచ్చ కనపడ్డాకే మేనేజ్‌మెంట్ కదులుతుంది. ఫ్యాన్‌కి ముందూ వెనకా గాలి ఒత్తిడిలో తేడా చూసే డీపీ స్విచ్ పెట్టి, దాన్ని స్టేటస్‌గా వాడండి. ఫ్యాన్ ఆగితే వాల్వు మూసుకోవాలని ప్రోగ్రాంలో రాయించండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఫైర్ అలారం వస్తే ఫ్యాన్ ఆగాలి కదా, ఆ ట్రిప్ నేరుగా స్టార్టర్ కంట్రోల్ వైరింగ్‌లోకి వెళ్లాలి. కంట్రోలర్ చూసుకుంటుందిలే అంటారు. కంట్రోలర్ హ్యాంగ్ అయిన రోజు ఎవరు చూసుకుంటారు? కంట్రోలర్‌కి విషయం తెలియడానికి ఇంకో కాంటాక్ట్ ఇవ్వండి, అంతే. అలాగే స్టార్టర్ 230 వోల్టుల కాయిల్‌ని కంట్రోలర్ ఔట్‌పుట్‌కి నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక రిలే పెట్టండి. కొన్ని కంట్రోలర్లలో ఔట్‌పుట్ ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ఉంటుంది, అది 24 వోల్టుల ఏసీకే.

కమ్యూనికేషన్ కేబుల్ గురించి క్లుప్తంగా. కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీ లైన్ అయితే ఒక కంట్రోలర్ నుంచి ఇంకో కంట్రోలర్‌కి వరసగా వెళ్లాలి, మధ్యలో కొమ్మలు తీయొద్దు. రెండు చివర్లలోనే 120 ఓమ్ రెసిస్టర్. షీల్డుని ఒక్కచోటే ఎర్త్ చేయండి. మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ కేబుల్ ఉన్న ట్రేలో మాత్రం ఈ కేబుల్ వేయకండి, రోజుకోసారి కంట్రోలర్ ఆఫ్‌లైన్ అయ్యే రోగాలన్నీ అక్కడే పుడతాయి. అడ్రస్ ప్రతి కంట్రోలర్‌కీ వేరుగా ఉండాలి, బాడ్ రేట్ (డేటా పంపే వేగం) అన్నిటికీ ఒకటే ఉండాలి.

అన్నట్టు, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ మనుషులు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పట్టుకుని తిరుగుతుంటారు. 500 వోల్టుల మెగ్గర్ సెన్సర్ వైరు మీద పెడితే ఇన్‌పుట్లన్నీ ఒకేసారి పోవచ్చు. వాళ్లు రాకముందే టెర్మినల్ బ్లాకులు ఊడదీసి, ప్యానెల్ తలుపు మీద కాగితం అంటించండి. కంట్రోలర్ జేబులో పెట్టుకుని టీకి వెళ్లినా తప్పులేదు, నేను వెళ్లాను.

మీ యాక్చుయేటర్ ప్లేటు, ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు ఫోటోలు ఇక్కడ పెట్టండి. కామన్ ఏదో, వీఏ సరిపోతుందో లేదో చూసి చెప్తాను. అప్పటిదాకా యాక్చుయేటర్ వైర్లు విప్పే ఉంచండి.