పబ్ రివ్యూ చదివే ముందు తేదీ చూడండి

బౌండరీ లైన్: పాఠకుల ప్రశ్నలకు విజయనగరం రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అబ్బాయి ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర ఒక పల్లెటూళ్ళో ఉంటున్నాడు. జూలైలో నన్నూ వాళ్ళ నాన్నగారినీ తీసుకెళ్తున్నాడు. ఆ ఊరి క్రికెట్ గ్రౌండుని ఆనుకుని ఒక పబ్ ఉందట. "శనివారం అక్కడే భోజనం, ఎదురుగా మ్యాచ్" అంటున్నాడు. పబ్ అనగానే మా వారు ముఖం మాడ్చుకున్నారు. నమ్మకం కుదరాలని అబ్బాయి ఆ పబ్ మీద జనం రాసిన రివ్యూలు వాట్సాప్‌లో పంపితే కోడలు చదివి చెప్పింది. ఒకరు అయిదు స్టార్లిచ్చి "మా ఇంటికి వెళ్ళినట్టుంది" అన్నారు. ఇంకొకరు ఒక్క స్టారిచ్చి "ముప్పావుగంట కూర్చున్నా ఎవరూ పలకరించలేదు" అన్నారు. బీరు చల్లగా లేదని ఒకరు, బల్లల కింద కుక్కలున్నాయని ఒకరు, కారు అద్దం పగిలిందని ఒకరు, శాండ్‌విచ్ ఎండిపోయిందని ఒకరు. ఏది నమ్మాలి? పైగా శనివారం మేం నీచు ముట్టం.
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, ముందు మీ వారి సంగతి చూద్దాం. పబ్ అనగానే ఆయనకి హైదరాబాదులోవే గుర్తొచ్చి ఉంటాయి. చీకటి, చెవులు పగిలే పాటలు, గుమ్మంలో బౌన్సర్లు. ఇంగ్లండు పల్లెటూరి పబ్ అలా ఉండదు. మా అమ్మాయి కాపురం ఆ వైపే కాబట్టి ఒక వేసవంతా అక్కడ గడిపాను. నేను మందు ముట్టను. అయినా సాయంత్రమయితే కాళ్ళు పబ్ వైపే లాగేవి, ఎదురుగా గ్రౌండు ఉండేది మరి. లోపల చూస్తే స్వెట్టర్ అల్లుకునే ముసలమ్మలు, పిల్లల్ని వెంటేసుకొచ్చిన దంపతులు, పేపరు చదువుకునే రిటైర్డ్ మనుషులు. ఆల్కహాల్ లేని జింజర్ బీర్ అని అడిగితే ఇస్తారు. పేరుకే బీరు, నాలుక మీద మాత్రం అల్లం ఘాటే. మంచినీళ్ళు అడిగినా మొహం చిట్లించరు. అక్కడే కూర్చుని తాగేందుకు మందు అమ్మే చోట, అడిగిన కస్టమరుకి కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండులో చట్టమే ఉంది.

ఇక రివ్యూలు. స్టార్లు లెక్కపెట్టడం మానేసి, కోడలమ్మాయిని ఒక్కో రివ్యూ ఏ తేదీన రాశారో చూడమనండి. ఆ తేదీ ఏ వారం పడిందో చూడమనండి. అక్కడ క్లబ్ క్రికెట్ ఏప్రిల్ చివర్లో మొదలై సెప్టెంబరుతో అయిపోతుంది. లీగు మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నాలే. మంగళవారం రాత్రి నలుగురుండే గదిలోకి, జూలై శనివారం సాయంత్రం మ్యాచ్ ముగియగానే రెండు జట్లూ, అంపైర్లూ, స్కోరర్లూ, ఆటగాళ్ళ పెళ్ళాం పిల్లలూ ఒక్కసారే వచ్చి పడతారు. కౌంటర్ వెనక ఉండేది ఇద్దరో ముగ్గురో. ఆ గంటలో వెళ్ళినాయన రాసింది అబద్ధం కాదు. కానీ మా విజయనగరంలో సిరిమానోత్సవం జాతర రోజు మూడు లాంతర్ల దగ్గర హోటల్లో ఇడ్లీ తిని, ఈ హోటల్ ఏడాదంతా ఇంతేనని రాసినట్టుంటుంది. చలికాలం రాసినవి, సోమ మంగళవారాల్లో రాసినవి ఒక పక్కన పెట్టండి, వేసవి శనివారాలవి ఇంకో పక్కన. ఒకే పబ్ మీద ఇన్ని మాటలెందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. మీరు వెళ్ళేది జూలై శనివారం కాబట్టి మీకు పనికొచ్చేవి ఆ రెండో రకమే.

ముప్పావుగంట ఎవరూ పలకరించలేదన్నాయన తప్పకుండా కొత్తవాడే. అక్కడ చాలా పబ్‌లలో బల్ల దగ్గరికి ఎవరూ రారు. మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఏం కావాలో చెప్పి, డబ్బు ముందే కట్టి, బల్ల నంబరు చెప్పి వచ్చి కూర్చోవాలి. వండింది తెచ్చి ఇస్తారు. చెయ్యి ఊపడం, చిటికెయ్యడం అస్సలు వద్దు. కౌంటర్ ముందు వరస ఉన్నట్టు కనిపించదు గానీ, ఎవరి తర్వాత ఎవరో అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. మన వంతు కాకుండా మనల్ని అడిగితే "ఆయన ముందున్నారు" అని చూపించాలి. ఈ ఒక్క మర్యాదతో మీ అబ్బాయికి ఊళ్ళో మంచి పేరొస్తుంది. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి తెచ్చుకున్నదానికి టిప్పు కూడా అక్కర్లేదు.

బీరు చల్లగా లేదన్నది ఫిర్యాదే కాదు. పీపాలోంచి చేత్తో పంపు కొట్టి పోసే బీరుని వాళ్ళు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. ఐసు ముక్కలకి అలవాటైన మనవాళ్ళకి అది గోరువెచ్చగా అనిపిస్తుంది. మీ వారు సరదాకి రుచి చూస్తానంటే మాత్రం, శనివారం కాబట్టి ఒక మాట. ఆ రకం బీరుని తేర్చడానికి చేప ఈత తిత్తి నుంచి తీసిన పదార్థం వేసే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. అడిగితే చెబుతారు.

కుక్కల గురించి దాచేదేం లేదు, ఉంటాయి. బల్ల కింద పడుకుంటాయి, వాటికీ గిన్నెలో నీళ్ళు పెడతారు. మీకు భయమైతే బయట తోటలో బల్ల తీసుకోండి, మ్యాచ్ కనబడేది కూడా అక్కడినుంచే.

శాండ్‌విచ్ ఎండిపోయిందన్నాయన రివ్యూ పూర్తిగా చదివించండి. అందులో ఎక్కడో "మా జట్టు" అన్న మాట ఉంటుంది, మ్యాచ్ సంగతి మాత్రం ఉండదు. నేను జిల్లాలో చాలా ఏళ్ళు అంపైరింగ్ చేశాను. గెలిచిన జట్టు పులిహోరలో జీడిపప్పు ఏరుకుంటుంది, ఓడిన జట్టు ఉప్పెక్కువైందంటుంది. పులిహోర మాత్రం ఒకే గంగాళంలోది.

కారు అద్దం పగిలిందంటే పబ్ వాళ్ళేం చేస్తారు? కారు బౌండరీ పక్కన పెట్టకూడదు, అంతే. ఇలాంటి తగవు 1977లో అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. డర్హమ్ ప్రాంతంలో లింట్జ్ అనే ఊరి గ్రౌండు పక్కన కొత్తగా ఇళ్ళు కట్టారు. బంతులు పెరట్లో పడుతున్నాయని ఒక కుటుంబం కేసు వేసింది. లార్డ్ డెన్నింగ్ ఉన్న ధర్మాసనం నష్టపరిహారం ఇప్పించింది గానీ, ఆట ఆపమని మాత్రం చెప్పలేదు.

భోజనం విషయంలో మాత్రం అమ్మా, రివ్యూలని నమ్మకండి, నోరు తెరిచి అడగండి. మెనూలో పేరు పక్కన శాకాహారం గుర్తు ఉన్నా, బంగాళాదుంప చిప్స్ చేపలు వేయించిన నూనెలోనే వేయించవచ్చు. కొన్నిచోట్ల వేయించేది నూనెలో కూడా కాదు, గొడ్డు కొవ్వులో. "చిప్స్ దేంట్లో వేయిస్తారు, చేపలకి వేరే మూకుడు ఉందా" అని అబ్బాయి చేత అడిగించండి. పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ లాంటి 14 రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి ఆరా తీస్తే ఎవరూ విసుక్కోరు. తొక్కతోనే ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపని నిలువునా కోసి, వెన్నా చీజూ వేసి ఇచ్చేది దొరికితే శనివారానికి అదే నయం. సంచిలో చిన్న సీసాడు ఆవకాయ ఉంటే ఇంకా నయం, కాకపోతే బల్ల కింద కుక్క ఉందేమో చూసుకుని వేసుకోండి.

టైమింగ్ ఒకటి గుర్తుపెట్టుకోండి. చాలా పబ్‌లలో మధ్యాహ్నం భోజనమయ్యాక వంటగది మూసి, మళ్ళీ సాయంత్రమే తెరుస్తారు. తలుపులు తీసే ఉంటాయి, పొయ్యి మాత్రం ఆరిపోతుంది. టాస్ వేసేలోపే తినేయండి, రద్దీ కూడా తప్పుతుంది.

లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు మీద 0 నుంచి 5 దాకా అంకె వేసిన స్టిక్కర్ ఉందేమో చూడండి. అది ప్రభుత్వ తనిఖీలో వంటగది శుభ్రతకి వచ్చిన మార్కు. వేల్స్‌లో అతికించి తీరాలి. ఇంగ్లండులో ఇష్టమైతేనే అతికిస్తారు, అయినా పేరు కొట్టి చూస్తే ఆన్‌లైన్లో దొరుకుతుంది. నాకయితే నలభైమంది స్టార్ల కన్నా ఆ ఒక్క అంకె మీదే గురి.

నిశ్చింతగా వెళ్ళి రండి. మీ వారికి మొదటి అరగంటే టెన్షన్.

ప్రశ్న: ఇంగ్లండులో గ్రౌండుకీ పబ్‌కీ ఈ పొత్తు ఏమిటి? ఎవరు ఎవరి పక్కకి వచ్చారు?
(పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి)

జవాబు: వ్యాపారి అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చాలాచోట్ల పబ్ వాడే గ్రౌండుని తెచ్చుకున్నాడు. నాటింగ్‌హామ్ ట్రెంట్ బ్రిడ్జ్ చూడండి. విలియం క్లార్క్ అని ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. బంతాట ఆడుతూ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అయినా చెయ్యి భుజం దాటకుండా నెమ్మదిగా వేసే బౌలింగులో ఆ కాలానికి మొనగాడు. ట్రెంట్ బ్రిడ్జ్ ఇన్ అనే సత్రం నడిపే మేరీ చాప్‌మన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. సత్రం వెనక ఖాళీ జాగా కనిపించింది. 1838లో దాన్ని క్రికెట్ గ్రౌండు చేసి, కంచె కట్టి, లోపలికి రావడానికి డబ్బు పెట్టాడు. అంతవరకు ఊరుమ్మడి బయలులో ఊరికే చూసిన జనం సణిగారు. సణిగినా వచ్చారు, వచ్చినవాళ్ళకి దాహం వేసింది. ఆయన లెక్క అదే. 1846లో ఆల్ ఇంగ్లండ్ ఎలెవన్ అని జట్టు కట్టి దేశమంతా తిప్పింది కూడా ఈయనే. ఆ సత్రం వెనక జాగాలో తొలి టెస్టు 1899లో జరిగింది, ఇంగ్లండు దిగ్గజం డబ్ల్యు.జి.గ్రేస్‌కి అదే ఆఖరి టెస్టు. పబ్ ఇప్పటికీ గ్రౌండు మూల ఉంది.

అంతకు ముందు, 18వ శతాబ్దంలో, హాంప్‌షైర్‌లో హాంబుల్డన్ క్లబ్ ఉండేది. వాళ్ళ మైదానం ఎదుట బ్యాట్ అండ్ బాల్ ఇన్. దాని యజమాని రిచర్డ్ నైరెన్, జట్టు కెప్టెనూ ఆయనే. ఈ పల్లెటూరి జట్టు 1777లో ఇంగ్లండు మొత్తం మీద ఏరిన జట్టుని ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో ఓడించింది. ఆ రోజుల్లో రివ్యూలు ఉంటే ఆ రాత్రి నైరెన్‌కి ఎన్ని స్టార్లు పడేవో!

ప్రశ్న: మాస్టారూ, మాది కాలేజీ గ్రౌండు పక్కన టిఫిన్ సెంటరు. సంక్రాంతి టోర్నమెంటు రోజు ఒకతను పుణుగులు చల్లారిపోయాయని ఒక్క స్టారు పెట్టాడు. మొన్నటిదాకా 4.6 ఉన్న రేటింగ్ పడింది. మా బావమరిది "ఫ్రెండ్స్ చేత ఓ పాతిక అయిదు స్టార్లు వేయిస్తాను బావా" అంటున్నాడు. ఒప్పుకోమంటారా?
(రాజాం)

జవాబు: వద్దు. తినని వాళ్ళు రాసినవి చదివితే ఇట్టే తెలిసిపోతాయి, అన్నింట్లోనూ "సూపర్ టేస్ట్" అనే ఉంటుంది. ఇంగ్లండులో దొంగ రివ్యూలు రాయించడం 2025 ఏప్రిల్ నుంచి చట్టవిరుద్ధం. మన దేశంలో కూడా భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ప్రమాణం తెచ్చింది. అదంతా అలా ఉంచండి, అతను చెప్పింది నిజమే కదా? టోర్నమెంటు రోజు పొద్దున్నే గంపెడు పుణుగులు వేసి పెట్టుకుని ఉంటారు. అతని రివ్యూ కిందే "ఆ రోజు రద్దీలో ముందే వేసి ఉంచాం, మళ్ళీ రండి, వేడిగా వేసిస్తాం" అని మర్యాదగా రాయండి. కోపం ఉంటే రేపు రాయండి. వచ్చే టోర్నమెంటుకి దోశె, పూరీ మానేసి ఇడ్లీ, ఉప్మా, టీ మాత్రమే అని బోర్డు పెట్టండి. ఇడ్లీ పాత్రలో వేడిగా ఉంటుంది, పుణుగు ఉండదు.

ప్రశ్న: 1936లో మన విజ్జీ (విజయనగరం మహారాజకుమార్) ఇండియా కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళినప్పుడు ట్రెంట్ బ్రిడ్జ్‌లో టెస్టు ఆడాడని తాతగారు, ఆడలేదని నేను. పందెం పావుకిలో మైసూరుపాకు.
(పూల్‌బాగ్, విజయనగరం)

జవాబు: మైసూరుపాకు మీదే. ఆ ఏడాది మూడు టెస్టులూ లార్డ్స్, మాంచెస్టర్, ఓవల్‌లో జరిగాయి. ఇండియా ట్రెంట్ బ్రిడ్జ్‌లో మొదటి టెస్టు ఆడింది 1959లో. విజ్జీ ఆ మూడు టెస్టుల్లో చేసినవి మొత్తం 33 పరుగులు. ఆ టూర్లోనే లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశారు. మన ఊరివాడని సమర్థించలేను. కానీ 1930-31లో ఇంగ్లండు మేటి బ్యాటర్లు హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ మన దేశం రప్పించి తన జట్టులో ఆడించినది కూడా ఆయనే, తాతగారికి ఆ మాట చెప్పి సగం మైసూరుపాకు ఇవ్వండి.

ప్రశ్న: గ్రౌండు పక్క పబ్‌లో మ్యాచ్ ఎక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుంది? వచ్చే ఏడాది వెళ్తున్నాను.
(ఆమదాలవలస)

జవాబు: కిటికీ పక్క బల్ల కోసం పోటీ పడకండి, అద్దంలో సాయంత్రం ఎండ తప్ప ఏం కనిపించదు. బయట బెంచీల్లో బౌలర్ వెనక వైపు ఉన్నది పట్టుకోండి, స్వింగ్ అక్కడినుంచే తెలుస్తుంది. సైట్ స్క్రీన్ (బ్యాటర్‌కి బంతి బాగా కనబడాలని బౌలర్ వెనక పెట్టే తెర) ముందునుంచి నడవాల్సి వస్తే ఓవర్ అయ్యేదాకా ఆగండి, చేతిలో వేడి పళ్ళెం ఉన్నా సరే.