వెనక సీట్లో కూర్చుని ఎంచుకో తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ బళ్లలో కియా ఈవీ9 తీసుకోవాలా, హ్యుందాయ్ అయానిక్ 9 తీసుకోవాలా అని నువ్వూ అల్లుడూ తేల్చుకోలేకపోతున్నారని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన పట్టిక చూశాను. అంకెలన్నీ పక్కపక్కన చక్కగా రాశావు. కానీ మీ ఇంట్లో ఆరుగురూ ఎవరెక్కడ కూర్చుంటారన్నది అందులో ఎక్కడా కనపడలేదు. అసలు సంగతి అదే.

ముందు నీ టెన్షన్ కాస్త తగ్గిస్తాను. ఈ రెండు బళ్లూ ఒకే గ్రూపు కంపెనీలవి. కింద ఉన్న ప్లాట్‌ఫామ్, అంటే బ్యాటరీ, మోటార్లు, చక్రాలు అమర్చే అడుగు భాగం కూడా ఒకటే, దాన్ని ఈ-జీఎంపీ అంటారు. రెండిట్లోనూ 800 వోల్టుల వ్యవస్థే. గట్టి ఫాస్ట్ ఛార్జర్ దొరికితే 10 నుంచి 80 శాతానికి 24 నిమిషాలు పడుతుందని రెండు కంపెనీలూ చెబుతున్నాయి. అందుకని ఏది గొప్ప బండి అని బుర్ర పాడుచేసుకోకు. రెండూ మంచివే. మీ ఇంటికి ఏది నప్పుతుందో చూసుకోవడమే మీ పని.

అల్లుడు రేంజ్ దగ్గరే, అంటే ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం వెళుతుందన్న దగ్గరే ఆగిపోయాడనిపిస్తోంది. ఈవీ9 పెద్ద బ్యాటరీ 99.8 కిలోవాట్ అవర్లు (కరెంటు బిల్లులో యూనిట్లంటే ఇవే), అయానిక్ 9ది 110.3. వెనక చక్రాలకి మాత్రమే మోటారు ఉన్న మోడళ్లకి డబ్ల్యూఎల్‌టీపీ అనే ప్రామాణిక పరీక్ష లెక్కలో ఈవీ9కి 563, అయానిక్ 9కి 620 కిలోమీటర్లు. చూడ్డానికి 57 కిలోమీటర్ల తేడా. అయితే ఆ పరీక్షలో సగటు వేగం గంటకి 46.5 కిలోమీటర్లే. హైవే మీద 110లో వెళితే గాలిని చీల్చుకు వెళ్లడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. వంద కిలోమీటర్లకి 24 యూనిట్లు లాగిందనుకో. దూరప్రయాణంలో ఎవరూ సున్నా దాకా దించరు, నూరు దాకా ఎక్కించరు, ఎందుకంటే 80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి చేతికొచ్చేది మధ్యలోని 70 శాతమే. ఆ లెక్కన ఈవీ9 ఒక విడతలో 290 కిలోమీటర్లు, అయానిక్ 9 దాదాపు 320 వెళతాయి. తేడా ముప్పై. మూడు గంటలు దాటక ముందే పిల్లలు ఎలాగూ దిగుతామంటారు. ఈ ముప్పై కోసం ఇద్దరూ మాటా మాటా అనుకోవద్దు.

దానికన్నా మీరు తరచూ వెళ్లే దారిలో ఎలాంటి ఛార్జర్లున్నాయో చూడమను. ఆ 24 నిమిషాల మాట చాలా శక్తివంతమైన ఛార్జర్ దగ్గర చెల్లుతుంది. మీ దారిలో ఉన్నవన్నీ 50 కిలోవాట్లవే అయితే 70 యూనిట్లు ఎక్కడానికి గంటన్నర దగ్గర పడుతుంది, రెండు బళ్లకీ.

ఇక షోరూమ్ సంగతి. అక్కడ కొనేవాళ్లని నేరుగా స్టీరింగ్ ముందు కూర్చోబెడతారు. పికప్ చూపిస్తారు, పెద్ద స్క్రీన్ చూపిస్తారు. ఎవరికైనా నచ్చేస్తుంది. కానీ ఆ సీట్లో కూర్చునేది ఒక్కరు, మిగతా అయిదుగురి ప్రయాణం మరోచోట సాగుతుంది. అందుకే నువ్వు వెనక్కి వెళ్లు. ముందు సీటుని అల్లుడు రోజూ నడిపేటట్టు సర్దుకోమను. తర్వాత నువ్వు దాని వెనకే, రెండో వరసలో, కనీసం అరగంట కూర్చో. ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీ కాళ్ల కింద పరిచి ఉంటుంది కనుక ఫ్లోర్ ఎత్తుగా వస్తుంది. సీటు ఎత్తు అందుకు తగ్గట్టు పెరగకపోతే మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు సీటుకి ఆనవు. తొడ కింద అరచెయ్యి పెట్టి చూడు. మోకాలి దాకా చెయ్యి ఖాళీగా జారిపోతే బరువంతా నడుము మీదే పడుతోందని అర్థం. పది నిమిషాలు కూర్చుంటే ఇది తెలియదు, రెండు గంటల ప్రయాణంలో మీ అత్తగారి నడుముకి తెలుస్తుంది. పాదాలు ముందు సీటు కిందకి దూరుతున్నాయో లేదో కూడా చూడు. సీటుని బాగా కిందికి దించితే ఆ సందు మూసుకుపోతుంది.

మూడో వరసకీ ఇదే పరీక్ష, ఇంకా గట్టిగా చెయ్యాలి. అత్తగారూ మామగారూ రెండో వరసలో ఉంటే పిల్లలిద్దరూ వెనక్కి వెళ్లాలి. మీ చైల్డ్ సీట్లు షోరూమ్‌కి తీసుకెళ్లండి, మొహమాటపడకండి. మూడో వరసలో ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే చైల్డ్ సీటుని బండి సీటుకి బిగించేవి, ఉన్నాయో లేవో దేశాన్ని బట్టీ మోడల్ని బట్టీ మారుతుంది. సీటుకీ వెనక ఆనుకునే భాగానికీ మధ్య వేలు పెట్టి తడిమి చూడు, సేల్స్ అబ్బాయి మాట మీద వదిలేయకు. తర్వాత చిన్నదాన్ని నువ్వే ఎత్తుకుని లోపలికెక్కి, బెల్టు పెట్టి, దిగు. రెండుసార్లు అలా చెయ్యి. నడుం వంచి వానలో ఆ పని చేసేది నువ్వే కాబట్టి ఆ విషయంలో నీ మాటే చెల్లాలి.

ఇందుకే మీకు ఏడు సీట్లది కాకుండా ఆరు సీట్లది మేలంటాను. మధ్య వరసలో రెండు విడి సీట్లుంటే వాటి నడుమ నుంచి పిల్లలు వెనక్కి నడిచి వెళ్లగలరు. ఒక్కోసారి పిల్లని మూడో వరస నుంచి రెండో వరసకి మార్చి చైల్డ్ సీటు అక్కడ బిగించారనుకో, ఏడు సీట్ల బండిలో ఆ సీటుని ముందుకి జరపడం కష్టం, వెనక కూర్చునేవాళ్లు అవతలి వైపు నుంచి ఎక్కాలి. రెండు బళ్లలోనూ కొన్ని మోడళ్లలో రెండో వరస సీట్లు గుండ్రంగా తిరుగుతాయి. బండి ఆగి ఉన్నప్పుడే తిరుగుతాయి గనక ప్రయాణంలో వాటి ఉపయోగం తక్కువ. తలుపు వైపు తిప్పితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కి దిగడానికి వీలుగా ఉంటుంది, దానికోసమైతే సరే.

సామాను మాట మర్చిపోకు. మూడో వరస నిలబెట్టి ఉంటే వెనక డిక్కీ రెండిట్లోనూ 330 లీటర్ల పైచిలుకే. ఆరుగురి పెట్టెలు పట్టవు. మీ పెట్టెలు రెండు పట్టుకెళ్లి పెట్టి చూడండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఒకటి తప్పకుండా చెయ్యాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఈ బళ్లు బ్రేకు వేసినట్టు నెమ్మదిస్తాయి, ఆ ఊపునే కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతాయి. నడిపేవాళ్లకి హాయిగా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లకి తల ముందుకీ వెనక్కీ ఊగి కడుపులో తిప్పుతుంది. పిల్లలకి వాంతులైతే బండిని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు కారణం ఈ సెట్టింగే. రెండు బళ్లలోనూ స్టీరింగ్ వెనక ఉన్న మీటలతో దీన్ని తగ్గించుకోవచ్చు. ఒకసారి గట్టిగా పెట్టి, ఒకసారి బాగా తగ్గించి నడపమను. నువ్వు మాత్రం వెనకే కూర్చో.

ఇంట్లో ఛార్జింగ్ గురించి నువ్వు భయపడినంత ఏమీ లేదు. ఏడు కిలోవాట్ల ఛార్జర్‌తో ఖాళీ బ్యాటరీ నిండడానికి 14 గంటలు దాటుతుంది, నిజమే. కానీ రోజుకి 50 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది పది పన్నెండు యూనిట్లు, రెండు గంటల్లోపు తిరిగి ఎక్కేస్తుంది. రోజువారీగా 80 దగ్గర ఆపెయ్యండి, ప్రయాణం ముందు రాత్రే నూరు చేసుకోండి. ఎర్తింగ్ సరిగా ఉన్న ప్రత్యేకమైన లైను మీటరు దగ్గర్నుంచి లాగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించడం మాత్రం ఒక్కరోజుకి కూడా వద్దు. గంటల తరబడి అంత కరెంటు పారితే ప్లగ్గులు కరిగిపోతాయి.

చిన్న చక్రాల మోడలే తీసుకోండి. 21 అంగుళాలవి చూడ్డానికి బాగుంటాయి గానీ రేంజ్ తగ్గుతుంది, గతుకులు తెలుస్తాయి. బండి బరువు రెండున్నర టన్నులకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి, స్టెప్నీ ఇస్తారో లేదో అడగండి. లోపల మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. పెద్ద బ్యాటరీ వారంటీ కాగితంలో ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు అన్న మూడూ చదివాకే సంతకం పెట్టండి.

నన్నడిగితే, ఆరుగురూ తరచూ కలిసి వెళతారు కనుక నా ఓటు ఆరు సీట్ల అయానిక్ 9కే. ఈవీ9 కన్నా వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 30 మిల్లీమీటర్లు, ఎత్తు 35 మిల్లీమీటర్లు ఎక్కువ. మూడో వరసలో ఆ కొంచెమే కావాలి. పెద్దవాళ్లు మీతో ఎప్పుడో గానీ రారు అనుకుంటే, లేదా పార్కింగ్ ఇరుకైతే ఈవీ9 తీసుకోండి, అది పొడవులో 50 మిల్లీమీటర్లు తక్కువ. పైగా 2023 నుంచీ రోడ్ల మీద ఉంది గనక దాని మంచీ చెడూ చెప్పేవాళ్లు ఎక్కువమంది దొరుకుతారు. అయితే రెండో వరసలో నీ తొడ పరీక్ష ఏం చెబితే అదే ఆఖరి మాట, నా ఓటు పక్కన పెట్టెయ్.

గేటు వెడల్పు టేపుతో కొలిచి పంపు. రెండు బళ్లూ అద్దాలు కాక 1,980 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. మీ ఇంటి కనెక్షన్ ఎన్ని కిలోవాట్లో కూడా బిల్లు చూసి రాయి. ఛార్జర్ ఎక్కడ పెట్టాలో, వైరు ఏ సైజుది వెయ్యాలో ఎలక్ట్రీషియన్‌తో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న