యుద్ధకాలపు సరుకు ఓడలో పని: ఇంజిన్ రూమ్ వైపు నుంచి నా జవాబు

రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల మీద పనిచేసినవాళ్ల రోజు ఎలా గడిచేది, ఎప్పుడూ బాంబులూ టార్పెడోలేనా అని అడిగారు. కాదండీ. చాలా రోజులు ఏమీ జరిగేది కాదు. నాలుగు గంటలు వాచ్, అంటే డ్యూటీ, ఎనిమిది గంటలు విశ్రాంతి, మళ్లీ నాలుగు గంటలు. ఈ క్షణంలో ఏమైనా జరగొచ్చని తెలిసి కూడా అదే పని అలాగే చేస్తూ పోవడమే అసలు కష్టం.

నేను వైజాగ్ వాణ్ణి. పద్నాలుగేళ్లు సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేసి ఒడ్డెక్కాను. యుద్ధం చూడలేదు కానీ, తమ్ముడింటికి అమెరికా వెళ్లినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో రేవులో మ్యూజియంగా ఉంచిన జెరమియా ఓబ్రియన్ అనే లిబర్టీ ఓడ ఎక్కాను. 1943లో కట్టారు దాన్ని. 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడి సమయంలో ఇంగ్లండ్ నుంచి అక్కడికి 11 సార్లు సరుకు మోసింది, మళ్లీ 1994లో యాభయ్యేళ్ల ఉత్సవాలకి తన ఇంజిన్ మీదే వెళ్లొచ్చింది. కొన్ని వారాంతాల్లో బాయిలర్ వెలిగించి ఇంజిన్ తిప్పుతారు, నా అదృష్టం కొద్దీ అలాంటి రోజే వెళ్లాను.

లిబర్టీ ఓడలంటే 1941 నుంచి 1945 దాకా అమెరికా ఒకే నమూనా మీద కట్టిన 2,700 పైచిలుకు ఓడలు. పొడవు 441 అడుగులు, మోసేది పదివేల టన్నులు, వేగం 11 నాట్లు, అంటే గంటకి 20 కిలోమీటర్లు. సైకిల్ గట్టిగా తొక్కితే దాటేయొచ్చు. ఇంజిన్ అప్పటికే పాతబడిన మూడు సిలిండర్ల ఆవిరి రకం, 2,500 హార్స్ పవర్, 135 టన్నుల బరువు. టర్బైన్లు అనే కొత్తరకం ఇంజిన్లన్నీ యుద్ధనౌకలకే సరిపోవట్లేదు, ఇదైతే ఎక్కువ వర్క్‌షాపులు తయారు చేయగలవు, కొత్తవాళ్లకి త్వరగా నేర్పొచ్చు, అందుకని ఇదే పెట్టారు. పెద్ద సిలిండర్ అడ్డకొలత 70 అంగుళాలు, అందులో నేను అడ్డంగా పడుకోవచ్చు.

కిందికి దిగగానే నన్ను ఆపేసింది ఆయిలర్ పని, అంటే ఇంజిన్‌కి నూనె అందేలా చూసే మనిషి పని. ఈ ఇంజిన్‌కి మూత లేదు. మనిషి తొడంత లావు రాడ్లు కళ్ల ముందే పైకీ కిందికీ ఊగుతుంటాయి, అవి తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, నిమిషానికి 76 సార్లు తిరుగుతుంది. ఆయిలర్ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి క్రాంకు తిరిగే గుంతలోకి చాచి, బేరింగ్ (రాడ్డు ఇరుసుని పట్టుకునే చోటు) తన వైపు వచ్చిన క్షణంలో అరచేత్తో అలా తడిమి వెనక్కి తీసుకోవాలి. పసిపిల్లల నుదురు తాకి జ్వరం చూస్తామే, అలాగ. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే నూనె అందట్లేదన్నమాట. లెక్క తప్పితే చెయ్యి ఉండదు. వాచ్ మొత్తం ఇదే పని, ఓడ ఎంత ఊగుతున్నా సరే. మా కాలానికి వీటన్నిటికీ సెన్సార్లు వచ్చేశాయి. ఒకసారి మా ఓడలో సెన్సార్ వైరు తెగిపోయి, పంపు బేరింగ్ మాడి వాసన వచ్చేదాకా నేను గమనించనే లేదు, చెయ్యి పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. చీఫ్ ఇంజినీరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కాన్వాయ్‌లో, అంటే యుద్ధనౌకల కాపలాతో గుంపుగా, వెళ్తుంటే ఇంకో బాధ. డజన్లకొద్దీ ఓడలు వరసల్లో నడవాలి, చీకట్లో దీపాలుండవు, అందరిలో నెమ్మదైన ఓడదే అందరి వేగం. ముందున్న ఓడకి దగ్గరైతే ఇంజిన్ నిమిషానికి రెండు చుట్లు తగ్గించు, వెనకబడితే మూడు పెంచు అని బ్రిడ్జి (పైన ఓడని నడిపే గది) నుంచి కబురు వస్తూనే ఉంటుంది. బాయిలర్‌లో గాలి తక్కువైతే నల్లపొగ లేస్తుంది, అది మైళ్ల దూరం నుంచి సబ్‌మెరీన్‌కి ఆనవాలు. ఆ పొగకి బాయిలర్ మంట చూసుకునే ఫైర్‌మన్ తిన్నన్ని తిట్లు ఇంకెవరూ తిని ఉండరు. బాయిలర్ ట్యూబుల మసి ఊదడమూ, చెత్త సముద్రంలో పారేయడమూ చీకటి పడ్డాకే.

ఇంజిన్ రూమ్‌లో ఉన్నవాడికి బయట ఏం జరుగుతోందో కనబడదు. పక్కన డెప్త్ ఛార్జి, అంటే సబ్‌మెరీన్ మీద నీళ్లలోకి వేసే బాంబు, పేలితే ఓడ గోడని పెద్ద సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది, అది మనవాళ్లు వేసిన బాంబో, శత్రువు టార్పెడోనో కూడా తెలియదు. నిలబడిన చోటు నీటిమట్టానికి కింద, మధ్యలో ఉన్నది ఒక ఇనుప రేకు. టార్పెడో అక్కడ తగిలితే పైకెక్కే టైమ్ దొరకడం కష్టమే. అందుకే చాలామంది బట్టలు విప్పకుండానే పడుకునేవారు, లైఫ్ జాకెట్ చేతికందేలా పెట్టుకుని.

సరుకు దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు సుఖం అనుకుంటాం కదా, అదీ లేదు. తేలికైన ఓడ వెనకభాగం అలల మీద లేస్తే ప్రొపెల్లర్ గాల్లోకి వచ్చి ఇంజిన్ ఒక్కసారిగా పిచ్చిగా తిరుగుతుంది. ఇంజినీరు థ్రాటిల్ (ఆవిరి వాల్వు) దగ్గరే నిలబడి ఓడ లేస్తున్నప్పుడు ఆవిరి తగ్గించి, దిగుతుంటే మళ్లీ తెరవాలి, నాలుగు గంటలూ అదే. పైగా రివెట్లు కాకుండా వెల్డింగ్‌తో కట్టిన ఓడలు, చలికి ఆ ఉక్కు పెళుసెక్కి కొన్నిటి డెక్కులు చిట్లాయి. హ్యాచ్‌ల (సరుకు దించడానికి డెక్కులో ఉండే ద్వారాల) మూలలు పలకగా ఉండటం కూడా ఒక కారణం, చీలిక అక్కణ్ణుంచే మొదలయ్యేది.

మనవాళ్ల మాట చెప్పకపోతే తప్పు. యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సరుకు ఓడల సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు భారతీయులే, ఇంజిన్ రూమ్‌లో ఎక్కువగా సిల్హెట్ (ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది), పంజాబ్ వైపువాళ్లు. వాళ్ల మేస్త్రీని సరంగు అనేవారు. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం పిలిచే సరంగు ఇదే మాట. తెల్లవాడి జీతంలో నాలుగోవంతు కూడా ఉండేది కాదు వాళ్లది, 1939లో సమ్మె చేసిన కొందరిని జైల్లో పెట్టారు కూడా. బ్రిటిష్ నావికులకి మాత్రం న్యాయం జరిగిందా అంటే, 1941 మే దాకా ఓడ మునిగిన రోజుతో జీతం ఆగిపోయేది, తెప్ప మీద ఎన్ని రోజులు తేలినా.

మీరు ఎప్పుడైనా శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తే ఇంజిన్ తిప్పే వారాంతం చూసుకుని వెళ్లండి, పాత చొక్కా వేసుకోండి, పైనుంచి నూనె చుక్కలు పడతాయి. నా వయసు దాటిన వాలంటీరు ఒకాయన ఆ చెయ్యి చాచే పని నాకు చేసి చూపించారు. నేనూ చేస్తానంటే నవ్వి, నా చేతికున్న ఉంగరం వైపు చూపించి తల అడ్డంగా ఊపారు.