ముందు ఆ అట్టముక్క వెతకండి

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, సికింద్రాబాద్‌లో ఉంటాను. ఇరవై ఏళ్ళుగా బౌద్ధానికి సంబంధించిన పాత వస్తువులు, థాంగ్కాలు (గుడ్డ మీద గీసే టిబెట్ బౌద్ధ చిత్రాలు), లక్కపని పెట్టెలు, పింగాణీ కూజాలు పోగుచేస్తున్నాను. నాగార్జునకొండ చూసొచ్చిన దగ్గర్నుంచి మా ఆవిడకూ అదే పిచ్చి పట్టింది. 2024 ఆగస్టు 16న, వరలక్ష్మీ వ్రతం రోజు, ఆవిడ ముచ్చటపడిందని ఒక దుకాణంలో కొవ్వొత్తి స్తంభాల జత కొన్నాను. తాబేలు వీపు మీద కొంగ నిలబడి, ముక్కున తామర కాడ పట్టుకుని ఉంటుంది. ఆ తామర మీద కొవ్వొత్తి గుచ్చే మేకు. టిబెట్‌లో ఒక మఠం నుంచి వచ్చాయనీ, 18వ శతాబ్దానివనీ చెప్పాడు. లక్షా 85 వేలు ఇచ్చాను. అందులో 85 వేలు యూపీఐలో, మిగతాది నగదు. జీఎస్టీ కలిసొస్తుందంటే బిల్లు 85 వేలకే రాయించుకున్నాను. నాలుగు నెలలకే ఆవిడ పోయింది. 2025 సంక్రాంతికి వచ్చిన మేనకోడలు జపాన్‌లో ఉద్యోగం చేసిన పిల్ల. "మామయ్యా, ఇవి జపాన్ వాళ్ళు పూజామందిరం ముందు పెట్టుకునేవి, కొత్తవి కూడా కొట్లలో దొరుకుతాయి" అంది. దుకాణదారుకు ఫోన్ చేస్తే మొదట నవ్వాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ మెసేజీలు పోయాయి. ఆ స్తంభాలకు ఒక అట్టముక్క వేలాడేది, దాని మీద ఆయన చేత్తో ఏదో రాశాడు. ఏ పుస్తకంలోనో పెట్టిన గుర్తు. అమెరికాలో ఉన్న అబ్బాయి "ఇత్తడి సామాను అని రాసి నాకు పంపెయ్యండి, ఇక్కడ వేలంలో అమ్మేస్తాను" అంటున్నాడు. ఆవిడ జ్ఞాపకాన్ని ఇలా అవమానించిన మనిషిని జైలుకు పంపగలనా?

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలు, పైన కుదించి వేశాను. అందులో మూడు పేజీలు మీ శ్రీమతి గురించి, దుకాణదారు నవ్వు గురించి. కేసు నిలబెట్టే వాక్యం ఒక్కటే ఉంది, దాన్ని మీరు ఆఖర్న మాటవరసకు రాశారు: "ఏ పుస్తకంలోనో పెట్టిన గుర్తు." ఇది చదవడం ఆపి ముందు ఆ అట్టముక్క వెతకండి.

ఎందుకో చెబుతాను. వస్తువు పాతదా కొత్తదా అన్నదే మీ కేసు అనుకుంటున్నారు. అది రెండో ప్రశ్న. అమ్మినాయన దాన్ని ఏమని చెప్పి అమ్మాడు, ఆ మాటకు రుజువేమిటి అన్నది మొదటిది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఫలానా వస్తువని వర్ణించి అమ్మితే, ఇచ్చిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. మీ మేనకోడలు చెప్పింది నిజమే. తాబేలు మీద కొంగ ఉన్న స్తంభం జపాన్ బౌద్ధంలో, ముఖ్యంగా జోదో షిన్‌షూ అనే సంప్రదాయంలోని ఒతాని శాఖ వాళ్ళ పూజామందిరాల్లో కనిపించే వస్తువు. కొంగకు వెయ్యేళ్ళు, తాబేలుకు పదివేల ఏళ్ళు ఆయుష్షని వాళ్ళ సామెత. జపాన్‌లోని తకావొకా ఊళ్ళో ఇలాంటి పూజాసామగ్రి పోతపోసే పని 17వ శతాబ్దంలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. అంటే మీ జత మీరు కొనడానికి ముందు ఏడాది పోసింది కావచ్చు, 1868–1912 మధ్య మేజీ కాలంలో పోసిందీ కావచ్చు. రెంటిలో ఏదైనా అది టిబెట్‌దీ కాదు, 18వ శతాబ్దానిదీ కాదు. అట్టముక్క మీద "టిబెట్, 18వ శతాబ్దం" అని ఉంటే వస్తువు వయసు ఎంత తేలినా మాట తప్పింది ఆయనే.

అట్టముక్క లేకపోతే? మీరు పంపిన బిల్లు ఫొటో పెద్దది చేసి చూశాను. "బ్రాస్ డెకరేటివ్, 1 జత", దాని పక్కన హెచ్‌ఎస్‌ఎన్, అంటే పన్ను కోసం సరుకు రకాన్ని గుర్తించే కోడ్, 8306. ఆ అంకె ఇత్తడి లాంటి మామూలు లోహాలతో చేసిన బొమ్మలకు, అలంకరణ వస్తువులకు వేసేది. నూరేళ్ళు దాటిన పురావస్తువులకు వేరే కోడ్ ఉంది, 9706. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆయన లాయరు ఈ బిల్లే చేతిలో పట్టుకుని లేస్తాడు: "మేం అమ్మింది అలంకరణ సామాను, అలాగే రాశాం, పురాతనమని ఆయనే ఊహించుకున్నాడు." అట్టముక్క లేకుండా బిల్లు ఒక్కటే దాఖలు చేస్తే అది ఆయనకే సాక్ష్యం. రెండూ పక్కపక్కన పెడితే కథ తిరగబడుతుంది. పన్ను శాఖకు అలంకరణ వస్తువని, మీకు మఠం నుంచి వచ్చిందని, ఒకే చేత్తో ఒకే రోజు రెండు మాటలు రాసినట్టు తేలుతుంది. బిల్లు మీదా ఆయన దస్తూరీయే ఉంది కాబట్టి పోల్చడానికి ఇబ్బంది లేదు.

అట్టముక్క దొరక్కపోతే మీ పాత ఫోన్ గురించి ఏడవకండి, అవతలివాళ్ళ ఫోన్లు చూడండి. కొనేముందు దుకాణదారు పంపిన ఫొటోలు, మెసేజీలు మీ శ్రీమతికి ఫార్వర్డ్ చేయకుండా ఉండరు. ఆవిడ ఫోన్ ఇంట్లోనే ఉంటే ఛార్జింగ్ పెట్టండి. దాన్ని రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. అబ్బాయి ఫోన్‌లోనూ వెతికించండి. దొరికితే స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి సరిపెట్టుకోవద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు, రెండో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుబట్టవు. అయినా అప్పీలుకు వెళ్తే ఆ కాగితం అక్కరకొస్తుంది.

ఇక బిల్లు సంగతి. ముప్ఫై ఏళ్ళు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్న మనిషి లక్షా 85 వేలు ఇచ్చి 85 వేలకు బిల్లు రాయించుకున్నారు! మీ దగ్గరకు వచ్చిన ఖాతాదారు ఇలా చేస్తే ఏమనేవారు? మిగులుతుందనుకున్న కాస్త జీఎస్టీ ఇప్పుడు లక్ష రూపాయలకు రుజువు లేకుండా చేసింది. మిగిలిన దారి ఒకటే. ఆ రోజో ముందురోజో మీ ఖాతాలోంచి లక్ష తీసి ఉంటే స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. దానికి తోడు "మొత్తం 1,85 అనుకున్నాం కదా" అన్న మెసేజీ ఏదైనా దొరికితే పూర్తి సొమ్ము అడుగుదాం. దొరక్కపోతే 85 వేలకే గట్టిగా నిలబడదాం, మిగతాది వస్తే వస్తుంది. బిల్లు ఎందుకు తక్కువ ఉందని కమిషన్ అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. కొత్త కథ అల్లితే ఉన్న రుజువూ పలచబడుతుంది.

గడువు చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలి. జపాన్‌దని తెలిసింది 2025 జనవరిలో కాబట్టి అక్కడి నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు. తగిన కారణం చూపిస్తే ఆలస్యం మన్నించే వీలూ ఉంది. ఈ రెండూ గడువు దాటినవాడు పట్టుకునే కొమ్మలు. మీకు ఇంకా దాటలేదు. కొన్న తేదీ నుంచే లెక్కేస్తే 2026 ఆగస్టు 16తో రెండేళ్ళు. ఆ రోజు ఆదివారం, ముందురోజు స్వాతంత్ర్య దినం. కాబట్టి మీ ఆఖరి తేదీ ఆగస్టు 14, శుక్రవారం అని గోడ మీద రాసుకోండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. "వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందాం" అని దుకాణదారు ఫోన్ చేసినా ఆగదు. ఇన్నాళ్ళూ ఎత్తని ఫోన్ జులైలో మోగితే అనుమానించండి.

నిజం తెలిశాక పదహారు నెలలు మీరు చేసింది ఫోన్లే. ఒక్క ఉత్తరం ముక్క లేదు. సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, వద్దని తెలియజేయకుండా సమంజసమైన కాలం దాటేదాకా సరుకు దగ్గర ఉంచుకుంటే అంగీకరించినట్టే లెక్క. అప్పుడు వస్తువు తిరిగిచ్చి సొమ్ము మొత్తం తీసుకునే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. ఆయన తప్పకుండా ఈ మాట ఎత్తుతాడు. అందుకే ఈ వారమే నోటీసు పంపండి. ఏ తేదీల్లో ఫోన్ చేశారో కాల్ రికార్డు చూసి అందులో రాయండి. వస్తువు వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వమని, అది కాకపోతే ధరలో తేడా ఇవ్వమని, రెండూ అడగండి. పదిహేను రోజులు గడువు పెట్టండి. రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందిన రుజువు వచ్చేలా పంపండి.

ఇప్పుడు మీ అబ్బాయి సలహా. ఆ పని మాత్రం చేయకండి. పురావస్తువుల, కళాసంపద చట్టం, 1972, నూరేళ్ళు దాటిన కళావస్తువును పురావస్తువు అంటుంది. అది ఏ దేశంలో తయారైందన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. మీ జత మేజీ కాలందైతే ఇత్తడి సామాను అని రాసిన ఆ కొరియర్ చీటీయే మీ మీద సాక్ష్యం. శిక్ష ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా, దానికి జరిమానా అదనం. కస్టమ్స్ వాళ్ళు వస్తువు జప్తు చేయడం వేరే. సరే, కొత్తదే అనుకుందాం. దాన్ని అక్కడ పాతదని వేలంలో అమ్మితే దుకాణదారు మీకు చేసిందే మీ అబ్బాయి ఇంకొకరికి చేసినట్టు. రెంటిలో ఏది నిజమైనా మీ కేసులో ప్రధాన సాక్ష్యం సముద్రం దాటిపోతుంది. కమిషన్ నిపుణుడి పరీక్షకు పంపమంటే ఏం పంపుతారు, ఫొటోనా?

వయసు తేల్చుకోవాలంటే భారత పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ కార్యాలయంలో పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ కోసం అడగండి. ఎగుమతి చేసేవాళ్ళు సాధారణంగా తీసుకునే కాగితమే అది. కాదని ఇస్తే దుకాణదారు నోరు మూతపడుతుంది. పురావస్తువే అంటే కేసు పోయిందని బెంబేలు పడకండి. టిబెట్, 18వ శతాబ్దం అన్న వర్ణన అప్పుడూ తప్పే. పైగా పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ఆయనకు ఉందో లేదో నోటీసులో అడగండి. మీ వైపూ ఒక పని పడుతుంది. నూరేళ్ళు దాటిన లోహశిల్పాలను యజమాని రిజిస్టర్ చేయించాలి. కొంగ, తాబేలు ఉన్న స్తంభం ఆ కోవలోకి వస్తుందో రాదో రిజిస్టరింగ్ అధికారినే రాతపూర్వకంగా అడగండి. ఎవరో వచ్చి అడిగేదాకా కూర్చోకండి.

ఆ చేత్తోనే మీ థాంగ్కాల లెక్కా చూసుకోండి. నూరేళ్ళు దాటినవైతే వాటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చేతులు మారినా తెలియజేయాలి. రెండో పేజీలో "ఒకటి స్నేహితుడికి అమ్మాను" అని రాశారు. దాని వయసు, కాగితాలు నాకు విడిగా పంపండి, ఇక్కడ చర్చించను. ఇంకో కారణం కూడా ఉంది. తిరిగి అమ్మడానికి కొన్నవాణ్ణి చట్టం వినియోగదారు అనదు. దుకాణదారు ఆ ఒక్క అమ్మకం చూపించి మిమ్మల్ని వ్యాపారి అంటాడు. స్తంభాలు మీ పూజగదిలో ఉన్న పాత ఫొటోలు ఉంటే, వ్రతం నాటివైనా సరే, ఫిర్యాదుకు జతచేయండి.

జైలు సంగతి అడిగారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టవచ్చు, నాలుగో ఉపసెక్షన్‌లో ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. కానీ అమ్మేనాడే ఆయనకు మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. "నన్నూ ఎవరో ఇలాగే నమ్మించి అమ్మారు" అంటే పోలీసులు సివిల్ తగాదా అని పక్కన పెడతారు. అట్టముక్క చేతిలో లేకుండా స్టేషన్‌కు వెళ్ళకండి. ఉంటే, బిల్లుతో కలిపి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీకు కావలసింది సొమ్మైతే జిల్లా కమిషన్ దారి దగ్గర. మీరుండే చోటే వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు.

చివరగా, మూడో పేజీ చదివి నేను తల పట్టుకున్న చోటు. స్తంభాల్లో ఒకదాన్ని చింతపండు, ముగ్గుపిండి పెట్టి పనిమనిషి చేత తళతళ తోమించారట! లోహం మీద ఏళ్ళ తరబడి పట్టిన పొరను చూసే నిపుణుడు వయసు అంచనా వేస్తాడు. దాన్ని మీరు సింకులో కడిగేశారు. రెండోదాన్ని ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయారు. ఇవాళే దాన్ని అన్ని వైపులా, అడుగు భాగంతో సహా, ఇవాళ్టి దినపత్రిక పక్కన పెట్టి ఫొటోలు తీయండి. తామర మొగ్గ తిప్పితే ఊడొస్తుందని రాశారు, ఆ మరల దగ్గర విడిగా ఒక ఫొటో కావాలి. అయ్యాక పాత నూలుచీరలో చుట్టి బీరువాలో పెట్టి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి.